నల్ల నిమ్మకాయల బాణామతి

ఒక నిమ్మకాయ మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదని ఎవరైనా అడిగితే నా దగ్గర కచ్చితమైన జవాబుంది. సముద్రంలో మెడలోతు దాకా. అదీ మిట్టమధ్యాహ్నం, కాళ్ళకు చెప్పులు లేకుండా, ఊరు ఊరంతా ఒడ్డు మీద నిలబడి అరుస్తుండగా. ఆ నిమ్మకాయ ఎండి నల్లబడ్డది కావాలి, ఆ మనిషి నాలాంటివాడు కావాలి, అంతే.

నాలాంటివాడు అంటే ఏమిటో ముందే చెప్పేస్తాను. పాలు మరీ తెల్లగా ఉంటే సున్నం కలిపారేమో అనుకునే రకం నేను. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు రెండో లడ్డు వేస్తే, పిల్లలో ఏదో లోపం దాస్తున్నారని మా మేనమామ చెవిలో ఊదాను. లోపం ఎవరిలో ఉందో ఆ పిల్ల పెళ్ళయిన వారానికే కనిపెట్టింది లెండి. అనుమానం పెనుభూతం అంటారు. మిగతావాళ్ళ భూతాలు ఊళ్ళోనే ఆగిపోతాయి, నా భూతం మాత్రం నాతోపాటు విమానమెక్కి ఒమన్ దాకా వచ్చింది.

ఇది ఐదారేళ్ళ కిందటి మాట. అప్పటికి నేను సోహార్‌లో ఒక కంపెనీలో గోడలు కట్టే మేస్త్రీని. మాది జగిత్యాల వైపు పల్లె. ఆ ఎండాకాలం నన్నూ, ప్లాస్టరింగ్ చేసే జబ్బార్ భాయ్‌నీ గంట దూరంలో ఉన్న ఒక చేపల ఊరికి పంపారు. ఊరి మగవాళ్ళు కలిసి కూర్చునే పెద్ద హాలుకు ప్రహరీ గోడ కట్టాలి. కూలీలు కంపెనీ బస్సులో పొద్దున్నే వచ్చి, ఎండ ముదిరేసరికి వెళ్ళిపోయేవారు. ఊళ్ళో ఉండేది మేమిద్దరమే. ఉమ్ సాలిం అనే ముసలమ్మ ఇంటి ఆవరణలో, ఓ మూల గది ఇచ్చారు. ఉమ్ సాలిం అంటే సాలిం తల్లి అని. సాలిం చేపలు పట్టేవాడు. మేము ఆవిడను అమ్మా అనే పిలిచేవాళ్ళం.

జబ్బార్ భాయ్‌ది నిజామాబాద్ జిల్లా. నాకంటే పదేళ్ళు పెద్ద. అరబ్బీ గలగలా మాట్లాడేవాడు. ఆ ఒక్క కారణం చాలు, ఆయన్ని అనుమానించడానికి. నాకు అర్థం కాని భాషలో ఎవరు నవ్వినా నా గురించే నవ్వుతున్నారని నా నమ్మకం.

పైగా మా ఇద్దరి మధ్య ఒక పదవి ఉంది. నెలాఖరుకు ఇద్దరిలో ఒకరిని సైట్ ఇంచార్జి చేస్తానని ఇంజనీర్ సాబ్ చెప్పాడు. ఆయన ఆ మాట అన్న రోజే నేను ఇంటికి ఫోన్ కొట్టి, నన్ను ఇంచార్జిని చేశారని చెప్పేశాను. చేస్తారని కాదు, చేశారని. మా ఆవిడ రమ ఆ మాటను బీడీలు చుట్టే చోట చెప్పింది. అక్కడ చెప్పిన మాట పొద్దు గూకేలోపు మూడు ఊళ్ళు తిరుగుతుంది. మర్నాటికల్లా మా నాన్నను అందరూ "ఇంచార్జి మల్లేశం బాపు" అని పిలుస్తున్నారట. మల్లేశం నేనే, బాపు అంటే తండ్రి. కాబట్టి ఆ పదవి నాకు రాకపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇక ఆ ఊరు. ఎండాకాలంలో అక్కడ పొద్దున తొమ్మిదికే తాపీ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా బయట పని చేయించకూడదని రూలు. ఆ మూడు గంటలూ ఊళ్ళో ఒక్క తలుపు తెరుచుకోదు. సముద్రం కూడా అలా కదలకుండా పడుకుంటుంది. ఒడ్డున ఖర్జూర కమ్మల పందిరి కింద నలుగురైదుగురు వలలు బాగుచేసుకుంటూ, కునుకు తీస్తూ ఉంటారు. ఇసుక మీద ఎండేసిన చిన్న చేపల్ని మేకలు తింటాయి. నిజమండీ, మేకలే. చేపలు తినే మేకను నేను ఈనాటికీ నమ్మను.

అన్నింటికంటే నన్ను కలవరపెట్టింది ఆ ఊరి పద్ధతి. ఖర్జూరాలు పండే రోజులవి. ఎవరింట్లో ఏది వచ్చినా పక్కింటికి ఒక పళ్ళెం వెళ్ళాల్సిందే. మగవాళ్ళుండే గది కాబట్టి అమ్మ తలుపు తట్టేది కాదు. గడప ముందు పళ్ళెం పెట్టి, మూత వేసి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయేది. మా వైపు ఎవరి గడప ముందైనా తెల్లారేసరికి తిండి కనబడితే, ఇంటిల్లిపాదీ దాన్ని దాటకుండా గోడ దూకి పోతారు.

"భాయ్, ఇదెవలు పెట్టిండ్రు?" అన్నాను మొదటిరోజు.

"అమ్మ పెట్టింది."

"ఎందుకు?"

"తినెటందుకు."

"ఊకెనే?"

"ఊకెనే."

"ఊకెనే ఎవలన్న పెడ్తరా భాయ్?"

"అరే మల్లేశ్, ఖర్జూర్ తినురా. నువ్వు పోలీసోనివా, మేస్త్రివా?" అన్నాడు జబ్బార్ భాయ్.

ముందు ఆయన్ని తినమన్నాను. గంటసేపు ఆయన మొహం చూశాను. ఏమీ కాలేదు. అప్పుడు నేను మొదలుపెట్టి పళ్ళెం మొత్తం ఖాళీ చేశాను. అనుమానం ఎక్కువే కాని ఆకలి దానికి తమ్ముడేమీ కాదు. పండు ఖర్జూరం ఒక మనిషి ఎన్ని తినాలో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి నాలుగు రోజులు నా కడుపు నా మాట వినలేదు. గోడ మీద రెండు వరసలు పేర్చడం, పరుగెత్తడం. మళ్ళీ రెండు వరసలు, మళ్ళీ పరుగు.

ఇంజనీర్ సాబ్ ఫోన్‌లో "పని స్లో అయింది, ఏంది సంగతి?" అని అడిగాడు. పదవి ముంగిట్లోకి వచ్చాక నాకే ఇలా ఎందుకు కావాలి? అదే పళ్ళెంలోంచి తిన్న జబ్బార్ భాయ్ గుండ్రాయిలా ఎందుకున్నాడు? ఆయన తిన్నది నాలుగు పళ్ళేనన్న సంగతి నాకు గుర్తుంది. కాని అనుమానం వచ్చినప్పుడు లెక్క ఎవరికి కావాలి?

అప్పటినుంచి కళ్ళు పెద్దవి చేసుకుని చూడటం మొదలుపెట్టాను. చూసేవాడికి కనబడకుండా ఉంటుందా!

మొదట, జబ్బార్ భాయ్ గోడ పక్కన నిలబడి అమ్మతో గుసగుసలాడటం కనిపించింది. మాట్లాడుతూ మాట్లాడుతూ తన పొట్ట మీద చెయ్యేసి తిప్పాడు. తర్వాత మా గదిలో నా మంచం వైపు చూపించాడు. అమ్మ తల ఊపింది.

తర్వాత టీ. రోజూ ఆయన చేసే టీ చక్కెర పానకంలా ఉండేది. ఆ రోజునుంచి పాలు లేవు, రంగు నలుపు, రుచి పులుపూ చేదూ.

"ఇదేం టీ భాయ్?"

"టీయే. కండ్లు మూసుకొని తాగు."

కళ్ళు మూసుకుని తాగమనే వాడిని నమ్మవచ్చా, మీరే చెప్పండి. సగం తాగి సగం కిటికీలోంచి పారబోశాను.

ఆ తర్వాత ధూపం. అమ్మ సాంబ్రాణిలాంటి బంకను నిప్పుల మీద వేసి మట్టి మూకుడులో పంపింది. జబ్బార్ భాయ్ దాన్ని పట్టుకుని నా మంచం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "చేపల వాసన పోతది" అన్నాడు. ఆయన మంచానికి లేని చేపల వాసన నా మంచానికే ఉందా అని నేను అడగలేదు. మనసులో రాసుకున్నాను.

బుధవారం తీగమీద ఆరేసిన నా చారల చొక్కా మాయమైంది. నాకున్న ఒకే ఒక్క మంచి చొక్కా అది. జేబు చినిగింది కాని పరువైన చొక్కా. "గాలికి పోయిందేమో" అన్నాడు జబ్బార్ భాయ్. ఆ ఊళ్ళో ఆకు కదిలి పదిహేను రోజులైంది.

గురువారం పొద్దున ఆయన స్నానానికి వెళ్ళగానే ఆయన మంచం కింద చెయ్యి పెట్టాను. ఒక చిన్న గుడ్డ మూట తగిలింది. విప్పాను. లోపల ఏడు నిమ్మకాయలు. నల్లగా, బొగ్గుల్లా ఎండిపోయి ఉన్నాయి. ప్రతిదానికీ సూదితో పొడిచిన రంధ్రాలు.

కోస్తావాళ్ళు చేతబడి అంటారు, మేము బాణామతి అంటాము. పేరేదైనా కావలసిన సామాను ఒకటే. నిమ్మకాయ, సూది, పొగ, ఒంటి బట్ట. అన్నీ ఉన్నాయి. కడుపునొప్పి కూడా వచ్చింది. ఇంక కావలసింది నా పాడె ఒక్కటే. నవ్వకండి, నిజంగా ఏడుపొచ్చింది.

మా మేనమామ రాజన్నకు ఫోన్ చేశాను. మామ మా ఊళ్ళో పశువులకు మందిస్తాడు, మనుషులకు సలహాలిస్తాడు. పశువులు బాగుపడేవి.

"నల్లగున్నయా?" అన్నాడు మామ.

"బొగ్గు లెక్క ఉన్నయి మామా."

"పొడిచిన గుర్తులున్నయా?"

"జల్లెడ లెక్క ఉన్నయి."

ఫోన్‌లో చాలాసేపు దగ్గు వినబడింది. "చేసినోడు మామూలోడు కాదు మల్లేశా. ఇయ్యాల్నే ఒదిలించుకోవాలె. ఎండుమిరపకాయలు, దొడ్డుప్పు, బొగ్గులు, ఆ నిమ్మకాయలు నల్లగుడ్డల కట్టు. మిట్టమద్యానం, మెడలోతు నీళ్ళల్ల ఇడిసిపెట్టు. కాళ్ళకు చెప్పులుండద్దు. నోట్లకెళ్ళి మాట రావద్దు. అసలు ముచ్చట చెప్తున్న ఇను, ఎనకకు తిరిగి సూడద్దు. నువ్వు పోతాంటే చేసినోడు పానం విలవిలలాడి పిలుస్తడు. ఎంత గట్టిగ పిలిస్తే అంత పనిచేస్తున్నట్టు. తిరిగినవో, నీకే సుట్టుకుంటది."

"ఇక్కడ బావి లేదు మామా."

"సముద్రమున్నది గదరా!"

మిరపకాయలు, ఉప్పు మా వంట సామానులోవే. బొగ్గులు అమ్మ పంపిన మూకుడులోవే. నల్లగుడ్డ గొడుగులోంచి చింపాను. పన్నెండున్నరకు పని ఆగింది. జబ్బార్ భాయ్ గుర్రు పెట్టగానే మూట పట్టుకుని బయటపడ్డాను.

చెప్పులు విప్పి ఇసుక మీద మొదటి అడుగు వేశాను చూడండి, నా జన్మ గుర్తొచ్చింది. జొన్నలు పేలాలయ్యేంత వేడి. ఒక కాలు పెట్టి ఇంకో కాలు ఎత్తి, గెంతుకుంటూ పోయాను. నోట్లోంచి మాట రాకూడదు కాబట్టి "అమ్మా" అని కూడా అనలేదు. పందిరి కింద వల అల్లుతున్న ముసలాయన తల ఎత్తి చూశాడు. మండుటెండలో నల్లమూట ఎత్తుకుని గెంతుతున్న మేస్త్రీని ఆయన ఏమనుకున్నాడో తర్వాత తెలిసింది.

నీళ్ళలో దిగాను. హమ్మయ్య అనుకున్నాను. కాని ఆ తీరం సంగతి మామకు తెలియదు, నాకూ తెలియదు. ఆటు సమయంలో అక్కడ ఎంత నడిచినా మోకాలు తడిసి ఊరుకుంటుంది. వంద అడుగులు వేశాను, మోకాలు. ఇంకో వంద, మోకాలు. మెడలోతు ఇరాన్‌లో ఉందేమో అనిపించింది. ఆ నడకంతా నడిచేసరికి ఒడ్డున ఊరు లేచింది.

ముందు ముసలాయన గొంతు. తర్వాత సాలిం గొంతు: "తాల్! తాల్!" రమ్మంటున్నాడు. నేను తిరగలేదు.

అప్పుడు జబ్బార్ భాయ్ కేక వినబడింది. "అరే మల్లేశ్! కాం జారా రే? దమాక్ ఖరాబ్ హువా క్యా? ఎనకకు రారా!"

చూశారా! చేసినవాడు పిలుస్తున్నాడు. మామ మాట అక్షరాలా నిజమైంది. నా ఛాతీ పొంగింది. అడుగు పెంచాను.

"మల్లేశ్! నీ కాళ్ళు మొక్కుతరా! వాపస్ ఆ!"

కాళ్ళు మొక్కుతున్నాడంటే ప్రాణం విలవిలలాడుతోందన్నమాట. ఇంకా పెంచాను. తొడలోతు. నడుములోతు. వెనక గొంతులు పదయ్యాయి, ఇరవై అయ్యాయి. ఊరంతా కలిసే చేసినట్టున్నారు అనుకున్నాను. వాటి మధ్య ఒక ఆడగొంతు ఏదో ఒకటే మాట పదే పదే పిలుస్తోంది. చివరికి ముసలమ్మ కూడా ఇందులో ఉందన్నమాట అనుకుని పళ్ళు కొరికాను.

మెడలోతు రాగానే మూట వదిలాను. నా పని అయిపోయింది. ఒళ్ళు దూదిపింజలా తేలికైంది. సరిగ్గా అప్పుడే వెనక ఇంజన్ చప్పుడు, నెత్తిన ఏదో పడటం, కళ్ళకడ్డంగా దారాలు. సాలిం పడవ మీద నిలబడి నా మీద విసురువల వేశాడు. నేను మళ్ళీ జారిపోతానేమోనని ముగ్గురు కలిసి వలతో సహా పైకి లాగారు. బావిలో ఈత నేర్చిన వాణ్ణి, నేను మునిగేవాణ్ణి కాదని చెప్పాలనుకున్నాను. కాని మాట్లాడకూడదు కదా! కళ్ళు పెద్దవి చేసి చూస్తూ ఉండిపోయాను. అది చూసి వాళ్ళు ఇంకా భయపడ్డారు.

ఒడ్డుకు చేరేసరికి నాతోపాటు ఇంకొకటి చేరింది. మూట. మామ అన్నీ చెప్పాడు, రాయి కట్టమని మాత్రం చెప్పలేదు. ఎండిన నిమ్మకాయలు తేలుతాయని నాకూ తోచలేదు. గుడ్డ ఊడిపోయి ఏడు నల్ల నిమ్మకాయలూ ఒకదాని వెనక ఒకటి పడవ రేపిన అలల మీద ఊగుతూ వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర ఆగాయి.

అమ్మ మోకాలు లోతు నీళ్ళలో ఉంది. నల్లబట్టలు తడిసి ముద్దయ్యాయి. ఆ ఎండలో, ఆ వయసులో అంత దూరం ఎలా పరుగెత్తి వచ్చిందో తెలియదు. ఏడుస్తోంది. నన్ను చూసింది, నిమ్మకాయల్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

పందిరి కింద పడుకోబెట్టి నెత్తిమీద ఐస్ పెట్టారు. అది చేపలకు తెచ్చిన ఐసు. ముసలాయన మొదట అనుకున్న మాటే అందరూ అన్నారు: ఎండ తలకెక్కింది. ముసలాయన నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. ఈ ఎండాకాలం పడ్డ చేపల్లో పెద్దది ఇదే, కాని దీన్ని ఎవరూ కొనరు అన్నాడట. అమ్మ ఇంటికి పోయి బుట్టలో ఫ్లాస్కు పెట్టుకుని తెచ్చి ఒక గ్లాసు నా నోటికి అందించింది. తాగాను. పులుపు. చేదు. జబ్బార్ భాయ్ టీ!

"ఇదేంది భాయ్?" అన్నాను. అదే నా మొదటి మాట.

"లూమి రా. నిమ్మకాయలను ఉప్పునీళ్ళల్ల ఉడకబెట్టి ఎండబెడ్తరు. కడుపుకు మంచిది. నాలుగొద్దుల సంది నీకు తాపుతున్న గద!"

"గ రంధ్రాలు?"

"ఫోర్కుతోని పొడవకపోతే రసం నీళ్ళల్లకు ఎట్ల దిగుతది?"

"మంచం కింద ఎందుకు దాసినవు?"

"నీకు కనబడితె తాగుతవా? గోలీ గూడ వాసన జూసి మింగెటోనివి నువ్వు!"

కడుపు మీద చెయ్యేసుకున్నాను. రెండు రోజులుగా నొప్పి లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బాణామతి వెతికే హడావిడిలో తగ్గిన జబ్బును కూడా గమనించలేదు.

ఇంకా ఓడిపోవడం ఇష్టంలేక, "మరి నా అంగి?" అన్నాను.

జబ్బార్ భాయ్ అమ్మతో ఏదో అన్నాడు. అమ్మ తన బుట్టలోంచి నా చారల చొక్కా తీసింది. ఉతికి, జేబు కుట్టి, మడత పెట్టి ఉంది. ఆ కుట్టు మా ఊరి దర్జీకి కూడా రాదు.

"ఇయ్యాల ఇంజనీర్ సాబ్ వస్తడు. నువ్వు ఇంచార్జి అయ్యెటోనివి, జేబు చినిగిన అంగిల నిలబడ్తవా అని అమ్మకు ఇచ్చిన" అన్నాడు.

"నేనా? మరి నువ్వు?"

"నాకు డ్రాయింగు సదువరాదురా. మల్లేశ్‌నే చెయ్యిమని నేనే పదొద్దుల కింద సాబ్‌కు చెప్పిన. గా ముచ్చట ఇయ్యాల చెప్దామనే వస్తున్నడు."

నా నోట మాట రాలేదు. ఈసారి మామ చెప్పినందుకు కాదు. సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు రోజులుగా ఆయన నాకు మందు పోస్తుంటే నేను ఆయనకు పాడె కడుతున్నాను.

సరిగ్గా అప్పుడు కంపెనీ కారు వచ్చి ఆగింది. ఇంజనీర్ సాబ్ దిగాడు. కాబోయే ఇంచార్జి నెత్తిమీద చేపల ఐసుతో, మెడలో వలతో, చుట్టూ ఊరితో కనిపించాడు.

"క్యా హువా?" అన్నాడు.

ముప్ఫై మంది ఒకేసారి చెప్పారు. సాబ్ ఓపిగ్గా విని నా దగ్గర కూర్చున్నాడు. "మల్లేశ్, తుమ్ ఆరామ్ కరో" అన్నాడు. తర్వాత లేచి నిలబడి, ఎండకు తట్టుకునే మనిషే కావాలంటూ జబ్బార్ భాయ్ చేతిలో సైట్ తాళాలు పెట్టాడు. వద్దు సాబ్ వద్దు సాబ్ అని ఆయన మొత్తుకున్నా వినలేదు.

ఆ సాయంత్రం రమ ఫోన్ చేసింది. "ఇంచార్జి సారు ఏం జేస్తున్నరు?"

"లూమి తాగుతున్న" అన్నాను. నిజం చెప్పడానికి ఇంకో వారం పట్టింది. బీడీలు చుట్టే చోట దాన్ని చేరవేయడానికి గంట కూడా పట్టలేదు. మా నాన్న ఇప్పుడు "సముద్రం మల్లేశం బాపు".

మామ కూడా అడిగాడు, "పనిచేసిందా?" అని.

"చేసింది మామా. అనుమానం పోయింది. దానితోటే ఇంచార్జి గూడ పోయింది."

జబ్బార్ భాయ్ ఇంచార్జిగా ఇచ్చిన మొట్టమొదటి ఆర్డరు ఏమిటంటే, మల్లేశ్ ఒక్కడు సముద్రం దిక్కు పోవద్దు. డ్రాయింగులు నేను చదివి చెప్పేవాణ్ణి, ఆయన సంతకం పెట్టేవాడు. గోడ బాగానే లేచింది. ఊరు మాత్రం ఆ ఎండాకాలమంతా నా మీద కన్నేసి ఉంచింది. మధ్యాహ్నం నేను గది తలుపు తీస్తే చాలు, అమ్మ కిటికీలోంచి అదే మాట వినబడేది. ఆ రోజు నీళ్ళలో నా వెనక వినబడ్డ మాట.

"యా వలదీ అంటె ఏంది భాయ్?" అని ఒకరోజు అడిగాను.

"కొడుకా అని" అన్నాడు జబ్బార్ భాయ్. "ఆ దినం గంతసేపు అదే పిలిచింది. నువ్వే తిరగలే."

అందుకని ఆ సముద్రం సాక్షిగా, చేపలు తినే ఆ మేకల సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఎండిన నిమ్మకాయను అడగకుండా ముట్టను. టీ ముందు తాగుతాను, అనుమానం తర్వాత పడతాను. ముఖ్యంగా, వెనకనుంచి ఎవరు పిలిచినా తిరిగి చూస్తాను. తిరిగితే వదిలించిన పీడ మళ్ళీ చుట్టుకుంటుందని మామ ఇప్పటికీ అంటాడు. చుట్టుకోనీ. కూర్చోబెట్టి ఒక గ్లాసు లూమి పోస్తాను.